విన్నపాల చీటీ ఇవ్వనన్న శనివారం

మన తల వెంట్రుకలన్నీ లెక్కపెట్టి, ఆ లెక్కను ఎవరి చెవినా వేయని దేవునికి స్తోత్రం. తల్లి గర్భంలో మనల్ని చూసినవాడు, మన రాకపోకలన్నీ ఎరిగినవాడు, ఎరిగినదంతా తన దగ్గరే ఉంచుకుని మనల్ని ప్రేమించినవాడు ఆయన. ఆయన కృపవల్ల నేను ఒక మిషన్ ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగ జీవితమంతా పనిచేసి, తలెత్తుకుని రిటైరయ్యాను. తలెత్తుకుని అనే మాట కావాలనే రాస్తున్నాను. దించుకొమ్మని చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్లూ నాతో పాటు అదే బల్లల మీద కూర్చుని ఆరాధించినవాళ్లే.

మన సంఘాల్లో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, కాలేజీ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు ఉద్యోగాలు చేస్తున్నారు. నన్ను అడుగుతుంటారు, రికార్డుల నిర్వహణ అంటే తెలుసు గానీ ఈ సమాచార పాలన అంటే ఏమిటి, రెండూ ఒకటే కదా అని. ఒకటి కావు. ఆ తేడా నాకు ఏ శిక్షణ తరగతిలోనూ తెలియలేదు. బీడీలు చుట్టే ఒక మనిషి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాక తెలిసింది. పేర్లు మాత్రం అడక్కండి. ఇందులో ఎవరి పేరూ రాయను, మా ఆసుపత్రి పేరు కూడా.

ఆసుపత్రి నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో ఉండేది. ఛాతీ జబ్బులకు పేరు. ఒకప్పుడు చలికాలం వస్తే చెరకు బండ్లు మా గేటు ముందునుంచే వరుసగా పోయేవి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బండ్లు వేరే దారి పట్టాయి, దగ్గు మాత్రం మా దారినే వచ్చింది. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు దుమ్ములో కూర్చునే ఆడవాళ్లే మా రోగుల్లో ఎక్కువ.

నా గదిలో ఇనుప రాకులు, ఎక్స్‌రే కవర్ల దొంతరలు, ఒక పాత కంప్యూటరు, వాటి మధ్య నేను. చెదలతో యుద్ధం చేశాను, వానకాలం కారే కప్పుతో యుద్ధం చేశాను. డాక్టరుగారు రోగి పేరు చెబితే, ఆయన టీ తాగడం అయ్యేలోపు పాత ఎక్స్‌రేతో సహా ఫైలు బల్ల మీద ఉండేది. ఏ కాగితానికి ఏ నంబరు వేయాలి, ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు ఎవరి అనుమతితో తగలబెట్టాలి, ఇదీ రికార్డుల నిర్వహణ. ఆ పనిలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు.

ఒకసారి హైదరాబాద్ నుంచి నాణ్యత తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. నా కూతురి వయసుంటుంది. రాకుల మధ్య తిరిగి, తనకు తోచిన ఫైళ్లు అడిగి, అన్నీ దొరకడం చూసి మెచ్చుకుంది. తర్వాత కూర్చుని, ఈ ఫైలు ఎవరు చూడొచ్చో ఎవరు నిర్ణయిస్తారు మేడం అని అడిగింది. డాక్టర్లు చూస్తారు, నర్సులు చూస్తారు, నేను తీసిస్తాను అన్నాను.

"చూస్తున్నదెవరని కాదు మేడం. చూడొచ్చని చెప్పిందెవరు? రేపు తప్పు జరిగితే జవాబు చెప్పేదెవరు?"

ఇన్నేళ్లలో తప్పే జరగలేదమ్మా అన్నాను. ఆ అమ్మాయి నవ్వి టీ తాగి వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన కాగితంలో రికార్డుల నిర్వహణ చాలా బాగుందని, సమాచార పాలన లేదని రాసింది. నాకు ఒళ్లు మండింది. మా హెడ్ నర్సు అది చదివి, "పాలన లేదంట అక్కా, మరి మన వార్డుల ఎలక్షన్లు పెడ్దామా" అని మూడు రోజులు నవ్వించింది. నేనూ నవ్వి ఆ కాగితాన్ని దాని నంబరు ప్రకారం దాని చోట పెట్టేశాను.

ఇక మా శనివారం ఆనవాయితీ చెప్పాలి. ఆసుపత్రి ఆవరణలోనే మా చర్చి ఉంది. శనివారం మధ్యాహ్నం ప్రార్థన బృందం పెద్ద వచ్చి ఆ వారం చేరిన రోగుల చీటీ తీసుకెళ్లేవాడు. పేరు, ఊరు, జబ్బు. ఆదివారం ఆరాధనలో విన్నపాల సమయంలో దాన్ని గట్టిగా చదివేవారు, సంఘమంతా మోకరించి ప్రార్థించేది. ఆసుపత్రికి పది మంచాలే ఉన్న కాలం నుంచి ఇదే పద్ధతి. మా బాపు ఆ చీటీ చదువుతుంటే నేను సండే స్కూలు పిల్లల వరుసలో కూర్చుని విన్నాను. ఏ ఊరి ఎవరికి ఏమైందో విని కన్నీళ్లు పెట్టుకున్న అవ్వలను చూశాను. అందులో కల్మషం లేదు, ఇప్పటికీ లేదనే అంటాను. ఆ ప్రార్థనలకు జవాబులు రావడం నా కళ్లతో చూశాను.

కానీ ఈ మధ్య చీటీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలైంది. గ్రూపులో బోధన్ వాళ్లు, ఆర్మూర్ వాళ్లు, దుబాయ్‌లో పనిచేసే మా సంఘపు అబ్బాయిలు, వాళ్లు చేర్చిన వాళ్లు, వాళ్లు చేర్చిన ఇంకొందరు. అందులో ఎవరున్నారో పెట్టేవాళ్లకే తెలియదు. చీటీ కిందికి వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చేవి. ఎంతమంది ప్రార్థిస్తున్నారో చూడమ్మా అని పెద్దన్న నాకు ఫోను చూపించి మురిసిపోయేవాడు.

ఆ ప్రార్థన బృందం పెద్దను అందరం పెద్దన్న అనేవాళ్లం. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరకు తూచే కాంటా దగ్గర పనిచేసి, తర్వాత పూర్తిగా ప్రభువు సేవకే వచ్చినవాడు. రోగి మంచం పక్కన మోకాళ్లు నొప్పెట్టేదాకా ఉండేవాడు. మంచివాడు. ఈ కథలో చెడ్డవాళ్లు ఎవరైనా ఉంటే నా పోరాటం తేలికయ్యేది.

ఒక మంగళవారం ఆమె వచ్చింది. రెంజల్ వైపు ఒక పల్లె. బీడీలు చుట్టే మనిషి, భర్త లేడు, పెళ్లి కావాల్సిన బిడ్డ ఉంది. ఆ ముందు నెలలోనే మా వార్డులో చేరితే టీబీ అని తేలి మందులు మొదలుపెట్టారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"అక్కా, నా కాగితం నాకియ్యి."

"ఎందుకమ్మా?"

"చింపేస్త."

అప్పుడు చెప్పింది. ఆమె ఊళ్లో మా గ్రూపులో ఉన్న ఒక విశ్వాసి, చీటీలో తమ ఊరి పేరు చూసి కదిలిపోయి, పాపం ఫలానామెకు టీబీ అట, అందరం ప్రార్థించాలి అని పక్కింట్లో చెప్పింది. పక్కిల్లు ఇంకో ఇంటికి చెప్పింది. సాయంత్రానికి బీడీ కార్ఖానాకు తెలిసింది. మరుసటి రోజు బీడీ ఆకు తీసుకోవడానికి పోతే, నువ్వు చుట్టిన బీడీ ఎవరు తాగుతారని కార్ఖానా మనిషి గంప వెనక్కి నెట్టాడు. బిడ్డకు కూడా ఆకు ఆపాడు. పక్కన కూర్చుని చుట్టే ఆడవాళ్లు చాటలు తీసుకుని వేరే అరుగు మీదికి జరిగారు.

"మీ దేవునికి చెప్పుకుంటె చెప్పుకోండ్రి అక్కా, నేనొద్దన్ననా? నా ఊరికెందుకు చెప్పిండ్రు?"

ఫైలు చింపడానికి ఇవ్వలేనని మాత్రం చెప్పాను, నిబంధన అది. ఆమె సంచిలోంచి మాత్రల ప్యాకెట్లు తీసి నా బల్ల మీద పెట్టింది. "గివి గూడ మీరే ఉంచుకోండ్రి. దవాఖానకొస్తున్నదని తెలిస్తె నా బిడ్డను చేసుకునేటోడు దొరకడు" అని వెళ్లిపోయింది.

టీబీ మందులు మధ్యలో మానేస్తే ఏమవుతుందో ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లకు కూడా తెలుసు. జబ్బు ముదురుతుంది, మందులకు లొంగకుండా పోతుంది, మనిషి దక్కడు. ఆ ప్యాకెట్లు నా ముందున్నాయి. నా వెనక రాకులో ఆమె ఫైలు ఒక్క కాగితం చెదరకుండా, సరైన నంబరుతో, సరైన చోట ఉంది. దాని వల్ల ఆమెకు ఏం ఒరిగింది? హైదరాబాద్ అమ్మాయి ప్రశ్న అప్పుడు నా చెవిలో మోగింది. చూడొచ్చని చెప్పిందెవరు? జవాబు చెప్పేదెవరు?

ఆ శనివారం పెద్దన్న వచ్చేసరికి గదికి తాళం వేసి, తాళంచెవి చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాను. కంప్యూటరు పాస్‌వర్డు కూడా మార్చాను. ఈ వారం చీటీ ఇవ్వనన్నాను. జరిగింది చెప్పాను. ఆయన బాధపడ్డాడు, నిజంగానే.

"ఒక్కరికి కష్టమైందని వందమందికి ప్రార్థన బందు పెడ్తవా? సైతానుకు కావాల్సింది గిదే గదమ్మా."

"సైతాను సంగతి నాకెరుక లేదు పెద్దన్నా. చీటీ అయితే ఇయ్య."

ఆయన కోపగించుకోలేదు. సరేనమ్మా అని నేరుగా వార్డుల్లోకి వెళ్లాడు. ప్రతి మంచం కాళ్ల దగ్గర రోగి చార్టు వేలాడుతుంటుంది కదా, మంచం మంచానికీ తిరిగి రాసుకున్నాడు. హెడ్ నర్సు దగ్గరుండి సాయం చేసింది, పుణ్యకార్యమని. ఆదివారం చదివిన చీటీ అంతకుముందు వారం కంటే పొడుగ్గా ఉంది.

నా తాళం చూసి నాకే నవ్వొచ్చింది. కాగితాలకు కాపలా కాసే మనిషిని కాబట్టి, రోగం వచ్చినా తాళం, రొష్టు వచ్చినా తాళం అనుకున్నాను. పిల్లలూ, ఈ పొరపాటు మీరు చేస్తారు కాబట్టి చెబుతున్నాను. సమాచారం రాకులో ఒక్కచోటే ఉండదు. మంచం కాళ్ల దగ్గర ఉంటుంది, నర్సు నోట ఉంటుంది, పెద్దన్న జేబులో, దుబాయ్‌లో ఎవరి ఫోనులోనో ఉంటుంది. రికార్డులను నేనొక్కదాన్ని చూసుకోగలను. సమాచారం ఎవరికి తెలియాలి, ఎందుకు తెలియాలి, ఎంతవరకు తెలియాలి అన్నది ఆసుపత్రి మొత్తం కూర్చుని తేల్చి, మాట మీద నిలబడాల్సిన సంగతి. అదీ పాలన అంటే.

ఆ ఆదివారం చీటీ సగంలో ఉండగా లేచి బయటికి వచ్చేశాను. పుట్టి బుద్ధెరిగాక విన్నపాల మధ్యలో లేచింది అదొక్కసారే. చర్చి తలుపు దాటుతుంటే వీపు మీద అందరి చూపులూ తెలిశాయి.

సోమవారం ఆసుపత్రి కమిటీ పిలిపించింది. సూపరింటెండెంట్ డాక్టరుగారి గదిలో మా చర్చి పాస్టరు అయ్యగారు, డాక్టరుగారు, పెద్దన్న, ఇంకా ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. నాకు కుర్చీ చూపించారు, కూర్చోలేదు. నా గదిలో ఆ బీడీలు చుట్టే ఆమె కూర్చోలేదని గుర్తొచ్చింది. ప్రార్థనకు అడ్డుపడుతున్నానని, సంఘ మర్యాద తప్పానని చెప్పారు. ఆ మధ్యలో పెద్దన్న ఒక మాట అడిగాడు. ఆ గదిలో ఎవరైనా అడగాల్సిన మాట అదే, అడిగింది ఆయనొక్కడే.

"రికార్డులు ఈమె సొంతమా? ఇయ్య అనేటందుకు ఈమెకేం హక్కున్నది?"

"లేదు పెద్దన్నా" అన్నాను. "ఇయ్య అనే హక్కు నాకు లేదు. ఇచ్చే హక్కు గూడ లేదు, ఇన్నేండ్లు ఊకెనే ఇచ్చిన. నువ్వు కాంటా మీద అన్నేండ్లు కూసున్నవ్. బండి తూచినవ్, బరువు రాసినవ్, రసీదు జాగ్రత్త చేసినవ్. తూచింది నేనే గదా అని రైతు చెరకును నీకిష్టమైనోళ్లకు ఇచ్చినవా ఎన్నడన్న?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాది గా కాంటా పని. చెరకు నాది గాదు, మీది గాదు. గా ఆడమనిషిది. ఆమె డాక్టరుకు చెప్పుకున్నది, బాగైతనని. ఇంకెవరికన్న చెప్పాల్నంటె ఆమెను అడగాలె. అడగకుంటనే చెప్పొచ్చు అంటరా, రాయుండ్రి. ఎవరి మాట మీద చెప్పినమో, ఆమె రేపు సచ్చిపోతె ఎవరు జవాబు చెప్తరో రాసి కింద సంతకం పెట్టుండ్రి. శనివారం చీటీ నా చేత్తోనే ఇస్త."

తెల్ల కాగితం ఒకటి పట్టుకెళ్లాను, బల్ల మధ్యలో పెట్టాను. దాన్ని ఎవరూ తమ వైపు లాక్కోలేదు. డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. అయ్యగారు నెమ్మదిగా, మరి సంఘం ప్రార్థించడం మానాలా అమ్మా అన్నారు.

నేను వాక్యంలో పెరిగినదాన్ని. అయ్యగారికి వాక్యం నేర్పేంతదాన్ని కాను, కానీ ఆ రోజు అడిగాను. చనిపోయిన చిన్నపిల్లను లేపడానికి వెళ్లినప్పుడు ప్రభువు ముందు ఏం చేశాడు? ఇంటినిండా ఏడుస్తూ ఉన్నవాళ్లందరినీ బయటికి పంపాడు. తల్లిని, తండ్రిని, ముగ్గురు శిష్యులను మాత్రం లోపల ఉంచుకున్నాడు. ఏడ్చేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఆ గదిలో ఎవరుండాలో ఆయన నిర్ణయించాడు. బాగుచేశాక కూడా ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వకండని చెప్పాడు. లోకమంతా తెలిస్తే ఆయనకే మహిమ కదా, అయినా వద్దన్నాడు. ఆయన మూసిన తలుపును మన ఫోన్లతో తెరిచే అధికారం మనకెవరిచ్చారు అయ్యగారూ?

డాక్టరుగారు ఆ కాగితం తన ముందుకు తీసుకుని రాయడం మొదలుపెట్టారు. రోగి తానుగా అడిగితేనే పేరు చదవాలి. అడగకపోతే, ఒక సహోదరి, ఒక సహోదరుడు అని మాత్రమే. జబ్బు పేరు ఎప్పుడూ వద్దు. ఫోనులో అసలే వద్దు. చార్టులు మంచం దగ్గరనుంచి నర్సు బల్లకు మారాలి. చికిత్సకు బయట ఏ పనికైనా ఫైలు చూడాలంటే ఆయన అనుమతి ఉండాలి, తప్పు జరిగితే జవాబు ఆయనదే. సంతకం పెట్టారు. అయ్యగారు కూడా పెట్టారు. పెద్దన్న పెట్టలేదు. లేచి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం విన్నపాల్లో జబ్బుల పేర్లు లేవు. కానీ చివర పెద్దన్న ఒక పేరు చదివాడు, ఊరితో సహా. అది నా పేరు. గర్వం నుంచి విడుదల కోసం ప్రార్థించమన్నాడు. నేను రోగిని కాను కాబట్టి కొత్త నియమం నాకు వర్తించదు, ఆయన ఆలోచించే చదివాడు. సంఘమంతా మోకరించింది. మా ఆయన పక్కన కూర్చుని, లేద్దామా అని సైగ చేశాడు. ఈసారి లేవలేదు. పేరు, ఊరు, జబ్బు సంఘమంతటి ముందు చదివితే ఎలా ఉంటుందో ఒంటిమీద అనుభవించాను. అనుభవించి ఇంకా మొండిదాన్నయ్యాను. నాకు వందనాలు చెప్పడం మానేసినవాళ్లున్నారు. ప్రార్థన ఆపించిన మనిషి అని వెనక అన్నవాళ్లున్నారు. అననివ్వండి. ఆ సోమవారం మళ్లీ వస్తే మళ్లీ ఆ తెల్ల కాగితం పట్టుకునే వెళతాను.

కొత్త నియమం కింద మొదటి అనుమతి అడిగింది నేనే. మాత్రలు వదిలి వెళ్లిన ఆమె ఊరు, ఇల్లు ఫైలులో ఉన్నాయి, నాకు నోటికి వచ్చు కూడా. అయినా డాక్టరుగారికి రాసి, ఆమెను కలవడానికి అనుమతి తీసుకున్నాను. ఆసుపత్రి జీపు ఇస్తామన్నారు. జీపు ఆమె గుమ్మం ముందు ఆగితే చీటీ మళ్లీ చదివినట్టే కదా. బస్సులో వాళ్ల వైపు వారపు అంగడికి వెళ్లాను. మహారాష్ట్ర సరిహద్దు కదా, అక్కడ సగం మంది మరాఠీలో బేరాలాడుతుంటారు, నన్నెవరూ గుర్తుపట్టరు. రెండు వారాలు ఉత్తచేతులతో వచ్చాను. మూడో వారం మిరపకాయల కుప్ప దగ్గర ఆమె కనిపించింది. పక్కన నిలబడి నేనూ మిరపకాయలు ఏరాను.

చీటీ ఆగిందని చెప్పాను. ఆమె తల తిప్పలేదు. బిడ్డకు ఆకు మళ్లీ ఇస్తున్నారట, తనకు మాత్రం బందేనట.

"నీ కాగితం చింపలేనమ్మా. కాని అది ఎక్కడికి పోవాల్నో నువ్వు చెప్పు. నువ్వు చెప్పిన తావుకు తప్ప ఇంకెక్కడికి పోదు. ఏ సర్కారు దవాఖానలనన్న మందులు ఇస్తరు."

ఆమె మిరపకాయలు తూకం వేయించుకుంది, కొంగులో కట్టుకుంది. అప్పుడు అంది.

"మోర్తాడ్ దిక్కు మా తల్లిగారిల్లు. గాడికి పంపు. గాడ నన్నెవరు అడగరు."

నీ కోసం ప్రార్థించుకోవచ్చా అని అడిగాను. మొదటిసారి నా ముఖం చూసింది.

"చేస్కో అక్కా. పేరు మాత్రం తియ్యకు."

ఆమె కాగితాలు కవరులో పెట్టి, సీలు వేసి మోర్తాడ్ వైపు సర్కారు దవాఖానకు పంపాను. ఆమె చికిత్స పూర్తి చేసిందా, బిడ్డ పెళ్లి అయిందా, అసలు ఆమె ఉందా, నాకు తెలియదు. ఒక్క ఫోను చేస్తే తెలిసేది. ఆ దవాఖానలో నాకు తెలిసిన మనుషులున్నారు, కాదనరు. చేయలేదు. కవరు పంపడంతో నా పని అయిపోయింది. తెలుసుకోవాలని మనసు పీకినంత మాత్రాన తెలుసుకునే హక్కు రాదు.

కాబట్టి చదువుతున్న మీరు ఇప్పుడు కళ్లు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, నీ సన్నిధిలో ఒక స్త్రీ ఉంది. ఆమె పేరు మేము చెప్పము. ఆమె ఊరు చెప్పము. ఆమె జబ్బు నీకు చెప్పనక్కరలేదు. అందరినీ బయటికి పంపి, తలుపు మూసి, ఆమెను ముట్టుము. ఆమేన్.